తీతువు ఇంటి మీద గడ్డపార

మా చిన్నప్పుడు తీతువు పిట్ట అరిస్తే ఊర్లో ఎవరికో మూడిందని చెవులు మూసుకునేవాళ్లం... ఆ రోజు మాత్రం మూడింది ఆ పిట్టకే. మూడేలా చేసింది నేనే.

మాది అచ్చంపేట దగ్గర పల్లె. తెలంగాణ వచ్చిన కొత్తలో నేను ఐదో తరగతి. వానలు పడగానే బడికి ట్రాలీ నిండా కానుగ, వేప మొక్కలు వచ్చాయి. బడి వెనుక బీడంతా నాటాలన్నారు సారు. మోకాలెత్తు గడ్డి, రాళ్లు, తంగేడు పొదలు... పనికిరాని జాగా అనే మా అందరి లెక్క. అందరికంటే ఎక్కువ గుంతలు తవ్వి సారుతో శభాష్ అనిపించుకోవాలని నాకు మహా తొందర.

గడ్డపార నాకంటే పొడుగు... మూడో గుంతకు దెబ్బ వేశానో లేదో, నెత్తి మీద తీతువు ఒకటే గోల. మట్టిపెళ్ల విసిరాను. పోదే! కిందికి చూస్తే గులకరాళ్ల మధ్య నాలుగు మచ్చల గుడ్లు... అచ్చం రాళ్లలాగే ఉన్నాయి. ఒకటి పగిలి సొన కారుతోంది.

అక్కడే మేకలు కాస్తున్న మా అవ్వ ఉరికొచ్చింది. తిడుతుందనుకున్నా.

"దాని ఇల్లు దొక్కితే అరవదా బిడ్డా?" అంది, అంతే. తిట్టినా బాగుండేది... నాకు ఏడుపు ఆగలేదు.

తర్వాత సారు వైపు తిరిగింది. "సారూ, చెట్లు పెట్టుండ్రి, నేనొద్దంటనా? కానుగ కుంట కట్టకు పెట్టుండ్రి, వేప బడి చుట్టు పెట్టుండ్రి. గీ బీడంత నీడ జేస్తే గడ్డి మొలుస్తదా? నా మేకలేం మేస్తయి? గీ పిట్ట యాడ గుడ్లు పెడ్తది? బతుకమ్మకు తంగేడు యాడికెళ్లి తెస్తరు?"

"బీడును అడవి చేస్తే మంచిదే కదా అవ్వా?" అన్నారు సారు.

"అడవి గా గుట్టల మీద ఉండనే ఉన్నది. కుంట కుంటనే, బీడు బీడే. అన్నీ ఉంటెనే ఊరు సారూ."

సారు వంగి ఆ గుడ్లను చూశారు. "మొక్కలు మళ్లీ ట్రాలీ ఎక్కించండ్రా, కుంట కట్టకు పోదాం" అన్నారు. చదువుకున్న మనిషి చదువురాని ముసలమ్మ మాట వినడం నేను చూడటం అదే మొదలు.

మిగిలిన మూడు గుడ్లు పిల్లలయ్యేదాకా అవ్వ మేకలను అటు పోనివ్వలేదు. ఇంటర్‌వెల్ బెల్లు కొట్టగానే దూరం నుంచి నా కాపలా... చేసిన తప్పుకు ఆ మాత్రమైనా చేయాలి కదా!

మొన్న బతుకమ్మకు ఊరికి పోయాను. పక్క ఊళ్ల బీళ్లన్నీ ప్లాట్లయి, రంగు పూసిన హద్దురాళ్లు లేచాయి. మా బీడు మాత్రం పచ్చగా, పసుపుగా అలాగే ఉంది. హైదరాబాదులో కట్టల లెక్కన కొనే తంగేడు పువ్వును ఒడి నిండా తెంపుకున్నాను. "అన్నీ తెంపకు, జర చెట్టుకు గూడ ఉంచు" అని అవ్వ ఇప్పటికీ అదే గదమాయింపు.

నన్ను చూడగానే తీతువు మొదలుపెట్టింది... పదేళ్లయినా పగ తీరలేదేమో! ఈసారి చెవులు మూసుకోలేదు. అరుచుకో తల్లీ... నీకింకా ఇల్లుంది. ఆ పుణ్యం మా అవ్వది, ఆ సారుది. ఇద్దరికీ దండం.

మీ ఊర్లో 'పనికిరాని జాగా' ఏదైనా మిగిలి ఉందా? అక్కడ ఎవరు కాపురం ఉంటున్నారో ఒకసారి చూసొచ్చి చెప్పండి...