వెనక వరండాలో దోమలు

స్టీలుప్లాంటు కడుతున్న రోజుల్లో నేను మలేరియా మీద పరిశోధన చేసేవాణ్ని. దువ్వాడ దగ్గర కూలీల క్యాంపుల్లో చలిజ్వరాలు తగ్గడం లేదు. ఏ దోమ వల్ల వస్తున్నాయో, అది ఎక్కడ పుడుతోందో తేల్చడం మా పని. కొత్తగా పోసిన శ్లాబుల మీద నిలగట్టిన నీళ్లలో దోమ పిల్లలు కదులుతూ కనిపించేవి. రెక్కలొచ్చాక గానీ వాటి జాతి ఖాయంగా చెప్పలేను. ఆఫీసుకు సెలవైతే సీసాలో ఇంటికి తెచ్చి, ఎనామిల్ గిన్నెలో పోసి, పైన దోమతెర గుడ్డ కట్టి వెనక వరండాలో పెట్టేవాణ్ని.

"ఊరందరికీ దోమల్ని సంపమని సెప్తారు. ఇంట్లో పెంచుతన్నారేటండీ?" అంది నా భార్య. ఆమెది తగరపువలస. కొన్నాళ్లకు వాటికి బిస్కట్ పొడి వెయ్యడం ఆమె పనే అయింది. "మీ పిల్లలు తినేశారు, మీరూ రండి" అని నన్ను అన్నానికి పిలిచేది.

ఇంతలో క్యాంపు ఆడవాళ్లు రక్తపరీక్షకు వేళ్లు ఇవ్వడం మానేశారు. "మా పిల్లల రగతం అమ్ముకుంతారంట గదా బాబూ" అంది ఒక ముసలమ్మ. ఎంత చెప్పినా వినలేదు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే, ఆదివారం చర్చి అయ్యాక నా భార్య తనూ వస్తానంది.

క్యాంపులో ఆ ఆడవాళ్ల మధ్య కూర్చుని, అందరూ చూస్తుండగా తన వేలు నా ముందు పెట్టింది. రోజూ చేసే పనే, అయినా ఆమె వేలు పట్టుకున్నాక నా చెయ్యి ఆగిపోయింది.

"ఊరందరికీ గుచ్చేత్తారు, నాకే గుచ్చలేరేటి? కానీయండి."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. ముసలమ్మే తరవాత వేలు చాపింది.

మర్నాడు మైక్రోస్కోపులో స్లైడ్లు చూస్తున్నాను. ఒకదానిలో రక్తకణాల లోపల చిన్న ఉంగరాల్లా మలేరియా క్రిములు. నంబరు చూస్తే నా భార్యది.

మాత్రలు పట్టుకుని ఇంటికి పరుగెత్తాను. దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది.

"ఎప్పట్నుంచి ఈ చలి?"

"వారం దాటింది. సెప్తే క్యాంపుకి తీసికెళ్లరని ఊరుకున్నాను." వెనక వరండా వైపు చూసి, "మీ పిల్లలే కుట్టాయేటండీ?" అంది.

"కాదు. జ్వరమున్న మనిషిని కుట్టాకే దోమకు ఆ జబ్బు అంటుకుంటుంది. గిన్నెలోవి గుడ్డ దాటి పోలేదు."

"నాను తిండి పెట్టినవి కావు గదా, అది సాలు" అని మాత్రలు మింగింది.

సాయంత్రం మా వీధి చివర కడుతున్న మేడెక్కి చూశాను. శ్లాబు మీద నీళ్లు, నీళ్లలో అవే పిల్లలు. నీళ్లు తీసెయ్యమంటే మేస్త్రీ ఒప్పుకోలేదు. "తడారితే శ్లాబు బీటలిచ్చేత్తాది బాబూ" అన్నాడు. వారానికోసారి పొద్దున తోడేసి, కాస్త ఆరి దోమ పిల్లలు చచ్చాక మళ్లీ నింపుకోమన్నాను. దానికి సరేనన్నాడు. క్యాంపుల్లోనూ అదే పద్ధతి పెట్టించాం. మందులతో పాటు అదీ పనిచేసింది. చలికాలానికి జ్వరాలు బాగా తగ్గాయి.

కోలుకున్నాక ఆమెను మళ్లీ క్యాంపుకు తీసుకెళ్లాను. ముసలమ్మ ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, "సిక్కిపోనావమ్మా" అంటూ వేడివేడి అన్నం, చేపల కూర పెట్టింది. అన్ని నెలలు తిరిగినా నాకక్కడ ఎవరూ టీ చుక్క ఇచ్చింది లేదు. ఆమె మారు వడ్డించుకుని మరీ తిన్నది. నేను పక్కన నిలబడి సంతోషంగా చూశాను.