బావ ఓడకు దూలాలు వేసిన సంగతి

మా అక్క భర్త ఏ పని మీద వచ్చినా మా కార్ఖానా గడప తొక్కడు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి కారులో వస్తాడు, ముందర ఆపి అద్దం దించి మాట్లాడతాడు. రంపపు పొట్టు చొక్కాకు అంటుతుందని ఆయన బాధ. ఆయన కూడా మాలాగే వడ్లోళ్ల ఇంట్లో, వడ్రంగం చేసుకునే ఇంట్లో పుట్టినవాడే. పెళ్లికి ముందు మూడేళ్లు మా బాపు దగ్గరే ఉలి పట్టడం నేర్చుకున్నాడు. గల్ఫుకు పోయి వచ్చి ప్లాట్ల వ్యాపారంలో పడ్డాక ఆ మూడేళ్లూ ఎక్కడికి పోయాయో తెలియదు. కొత్తవాళ్ల ముందు నన్ను "మా బామ్మర్ది, ఫర్నిచర్ లైన్ల ఉంటడు" అంటాడు. నేను చేసేది తలుపులు, కిటికీలు, రైతులకు పార కామలు. ఫర్నిచర్ లైన్ ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన గల్ఫు నుంచి తెచ్చిన వస్తువుల్లో మిగిలింది ఒక కొయ్య ఓడ. మూరెడు పైనే పొడవు, రెండు తెరచాప కొయ్యలు, ఒకదాని మీద ఒకటి రెండు డెక్కులు. హాలులో గాజు బల్ల మీద పెట్టాడు. ఇంటికి వచ్చిన ప్రతివాడూ చెప్పులు విప్పగానే దాని కథ వినాలి. మొదట్లో రేవు దగ్గర దుకాణంలో కొన్నానని చెప్పేవాడు. తర్వాత కొన్నేళ్లకు అది ఒక షేకు ఇచ్చిన బహుమతి అయింది. ఆయన నిజాయితీకి మెచ్చి ఇచ్చాడట. మా బావ నిజాయితీని చూడటానికి అంత దూరపు షేకే కావలసి వచ్చాడు, దగ్గరివాళ్లం మాకెవరికీ కనపడలేదు.

మొన్నటి వినాయక చవితికి ఆయనకు గణపతిని ఓడ మీద ఊరేగిస్తున్నట్టు అలంకరించాలని బుద్ధి పుట్టింది. బరువైన ఇత్తడి విగ్రహం తెచ్చి పై డెక్కు మీద కూర్చోబెట్టాడు. హారతి సగంలో ఉండగా డెక్కు విరిగి, దేవుడు కింది డెక్కును కూడా చీల్చుకుని ఓడ కడుపులోకి దిగాడు. అక్క ఫోనులో చెబుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. వెనక నుంచి బావ ఆమెను కసురుకోవడం వినిపించింది.

కారులో తెస్తే సీటు గీసుకుంటుందని, నన్నే వచ్చి తీసుకుపొమ్మన్నాడు. పోయాను. ఇంపోర్టెడ్ మాల్ అనీ, ఇక్కడి చెక్కకు అలవాటైన చెయ్యి జర జాగ్రత్తగా పెట్టమనీ హెచ్చరించాడు. సరేనన్నాను. పాత చీరలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. లింగంపేట దాటేదాకా పక్కన కూర్చున్న ముసలమ్మ అది పసిపిల్ల అనుకుని జరిగి చోటిచ్చింది.

మరునాడు పని మొదలుపెట్టాను. పలకల మీద తడిగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టె ఆనించి, జిగురు మెత్తబడ్డాక సన్నని చాకు దూర్చి ఒక్కొక్కటి లేపాను. డెక్కు ఎందుకు విరిగిందో వెంటనే తెలిసింది. కింద అడ్డదూలాలు రెండే ఉన్నాయి, అవీ ఆ కొసన ఒకటి ఈ కొసన ఒకటి. మధ్యలో ఏ ఆసరా లేదు. ఓడ పక్కలు మాత్రం అద్భుతంగా ఉన్నాయి. అగ్గిపుల్లంత సన్నని బద్దలను వంచి, సందు కనపడకుండా ఒకదానికొకటి ఆనించాడు, చేసినవాడెవడో గానీ. ఇంత పనితనం ఉన్నవాడు డెక్కు దగ్గర ఎందుకు గాలికి వదిలేశాడా అనుకుంటూ పలకలు తిరగేసి బల్ల మీద పరిచాను.

వెనకవైపు అరబ్బీ అక్షరాల ముక్కలు, ఒకదాని మీద సగం గ్లాసు బొమ్మ. పగిలే సరుకు వచ్చే పెట్టెల చెక్క అది. వాటి మీద పెన్సిలుతో వరుస అంకెలు వేసి ఉన్నాయి. ౧, ౨, ౩ అని తెలుగు అంకెలు.

మా బాపుకు వచ్చిన అంకెలు అవే. తలుపు విడదీసే ముందు ప్రతి చెక్క వెనకా వరుస అంకె వేయాలని నాకూ బావకూ నేర్పాడు. ఆయన ఐదు అంకెకు తోక పైకి తిప్పేవాడు. ఆ పలక మీద ఐదుకు కూడా తోక పైకే ఉంది.

బావకు ఫోన్ చేసి, చూపించాల్సింది ఒకటుంది, రమ్మన్నాను. వచ్చి ఎప్పటిలాగే అద్దం దించాడు. లోపలికి వస్తేనే చూపిస్తానన్నాను. ముఖం చిట్లించుకుంటూ దిగి వచ్చాడు. ఐదో పలక చేతిలో పెట్టాను. దాన్ని వెలుగుకు పట్టి తిప్పి చూశాడు.

"నేనే చేసిన" అన్నాడు.

రేవులో పెట్టెలు మోసే పని అట. గదికి పన్నెండు మంది. శుక్రవారాలు మిగతావాళ్లు పండుకుంటే, పాడైన పెట్టెల చెక్క తెచ్చుకుని, వంట చాకుతో, విరిగిన హాక్సా బ్లేడుతో చేశాడు. రెండేళ్లు పట్టిందట. దూలాల దాకా వచ్చేసరికి క్యాంపు మార్చారు, చెక్క దొరకలేదు. ఉన్నంతలో మూసేశాడు. చెబుతున్నంతసేపూ ఆయన బొటనవేలు పలక అంచు మీద నడుస్తూనే ఉంది, నునుపు చూస్తున్నట్టు.

"మరి షేకెందుకు బావా?"

"అంత దూరం వొయ్యి గూడ వడ్లపనే చేసిండంటరు. ఇజ్జత్ ఉంటదా?"

అప్పటిదాకా ఆయన మీద నాకున్నది చులకన మాత్రమే. ఆ మాటతో అది అసహ్యమైంది. లేని గొప్ప చెప్పుకునేవాళ్లను చాలామందిని చూశాను. ఉన్న గొప్పను సిగ్గుపడి దాచి, దాని మీద అబద్ధపు గొప్ప కప్పుకున్న మనిషిని ఈయన్నే చూశాను.

"మా బాపు నేర్పిన పనిని తెచ్చి షేకు పేరు మీద రాసినవ్" అన్నాను.

ఆయన పలకను బల్ల మీద పెట్టి కారు వైపు నడిచాడు. పోతూ పోతూ, ఆ అంకెలు గీకెయ్యమన్నాడు. గీకనని చెప్పాను.

పని మాత్రం మనసు పెట్టి చేశాను. ఓడ లోపలి పక్కల పొడవునా సన్నని టేకు బద్దలు అంటించి, వాటి మీద డెక్కుకు తొమ్మిదేసి అడ్డదూలాలు ఆనించాను. నీళ్లు నిలవకుండా నిజం ఓడల డెక్కు నడుమ కాస్త ఎత్తుగా ఉంటుందని ఫోనులో చూసి, దూలాల వీపులు ఆ వంపుకు చిత్రిక పట్టాను. అడుగు కొయ్య మీద నుంచి మూడు చోట్ల దూలాలకు ఆసరాగా నిట్టాళ్లు నిలబెట్టాను. విరిగిన వాటికి కొత్తవి చేసి, మిగిలిన పలకలను ఆయన అంకెల వరుసలోనే తిరిగి అతికించి, దారంతో చుట్టి, రెండు రోజులు ఇటుక బరువు పెట్టాను. విప్పాక అరచేయి ఆనించి బలంగా అదిమాను. కదలలేదు.

తర్వాతి నెల అక్కావాళ్ల మనుమరాలిని ఉయ్యాలలో వేసే తొట్లె పండుగకు కామారెడ్డి పోయాను. వచ్చిన చుట్టాల్లో ఒక పెద్దమనిషి, మళ్లీ గాజు బల్ల మీదికి చేరిన ఓడ డెక్కును వేలితో తట్టి చూసి, గట్టిగా ఉంది, ఎవరు బాగు చేశారని అడిగాడు. బావ నా వైపు చూశాడు. పక్కనే నిలబడ్డాను.

"హైదరాబాద్ నుంచి మేస్త్రిని పిలిపిచ్చిన" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. తనను తాను కాదన్నవాడు నన్ను ఔనంటాడని ఎందుకనుకున్నానో. ఆ ఓడను చేసినవాడు మీ ముందే ఉన్నాడని ఆ పెద్దమనిషికి చెబుదామని నోటిదాకా వచ్చింది. గుమ్మం దగ్గర అక్క పాపను ఎత్తుకుని నిలబడి ఉంది. మింగేశాను. ఆ మింగినందుకు నా మీద నాకూ పెద్ద గౌరవమేమీ లేదు. విస్తరి ముందు కూర్చోకుండానే, పని ఉందని చెప్పి బస్టాండుకు నడిచాను.

ఇప్పటికీ ఏ పెండ్లిలోనో ఎదురైతే "బాగున్నవా బావా" అంటాను. ఆయన తల ఊపి పక్కకు జరుగుతాడు. ఆయన మీద గౌరవం రాలేదు, వస్తుందనీ అనుకోను. కానీ వంట చాకుతో, పెట్టె చెక్కతో ఆ పక్కలను అలా వంచడం నా చేత అయ్యే పని కాదు. ఒకసారి నాలుగు టేకు బద్దలతో ప్రయత్నించాను. నాలుగూ విరిగాయి.