సత్యానందం పిడికెడు బియ్యం

దయామణి బియ్యం కొలిచే తీరు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఇంట్లో తినేది తనూ, రెండేళ్ల పాపా. ఎసట్లో పోసే ముందు మాత్రం మూడు పిడికిళ్లు తీసి విడిగా కుండలో వేస్తుంది. మనిషికో పిడికెడు దేవుడికి. ఆదివారం ఆ బియ్యం చర్చికి పట్టుకెళ్లాలి. మూడోది మొగుడు సత్యానందానిది. ఆ మహానుభావుడు బందరులో ఉంటేగా! నాగాయలంక అవతల ఓ పల్లె బడిలో మేష్టరు.

డెబ్బై ఏడులో వచ్చిన ఉప్పెన ఆ పల్లెలో ఇళ్లు మిగల్చలేదు. రెండేళ్లవుతున్నా సత్యానందం ఊరివాళ్లు పెట్టింది తిని, బడిలోనే చాప వేసుకుని పడుకుంటున్నాడు. దయామణి పుట్టిల్లూ ఆ పక్కనే ఉండేది. అమ్మా, నాన్నా, తమ్ముడూ ఒక్క పూటలో పోయారు. ఆ తర్వాత ఆమె మళ్లీ ఆ వైపు వెళ్లలేదు. "పోయినవాళ్ల పిడికెడే ఆపాలి, బతికున్నవాళ్లది ఆపకూడదు" అనేది అమ్మ. అమ్మ నేర్పినవాటిలో ఆమె దగ్గర మిగిలింది ఆ లెక్కొక్కటే.

ఒకటో తారీఖున సత్యానందం మూడు వందల చిల్లర తెచ్చి ఆమె చేతిలో పోసేవాడు. గది అద్దె, పాలు, కిరసనాయిలు, పాప మందులు. ఇరవయ్యో తారీఖుకల్లా డబ్బులు దాచే డబ్బా అడుగు కనబడేది. బియ్యమైతే ఇంకా ముందే నిండుకునేవి.

"ఆయన తినేది ఇక్కడ కాదుగా, ఆయన పిడికెడు ఆపెయ్యమ్మా. దేవుడేం అనుకోడు" అంది పాస్టరు గారి భార్య సౌభాగ్యమ్మ.

దయామణికి అమ్మ మాట గుర్తొచ్చింది. "ఆపలేనండీ" అంది.

మరెక్కడ తగ్గించాలి? వెతికి వెతికి చివరికి బస్సు ఖర్చు పట్టుకుంది. ప్రతి శనివారం సత్యానందం వచ్చిపోవడానికి ఎనిమిది రూపాయలు.

"ఇకనుంచి నెలకోసారి రండి. వారం వారం ఎనిమిదేసి రూపాయలంటే మాటలా?" అంది.

అతను "సరే" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు ఆమెకి ఒళ్లు మండింది. ఎంత పిచ్చిది! దేవుడి వాటా తగ్గించడానికి చెయ్యి రాలేదు గాని, మొగుడి రాక తగ్గించడానికి నోరొచ్చింది.

డబ్బాలో నాలుగు డబ్బులు నిలిచాయి. ఇంట్లో మాటా పలుకూ లేకుండా పోయింది. శనివారం సాయంత్రాలు గడప మీద కూర్చుని పాపతో ఏదో ఒకటి వాగేది. ఆ వాగుడు తనకే పరాయి గొంతులా వినపడేది. పక్క వాటాలో ఎవరైనా గట్టిగా నవ్వితే ఏడుపొచ్చేది. తను చేసుకున్నదే కాబట్టి ఎవరితోనూ చెప్పుకోలేదు.

మూడో నెల సత్యానందం వచ్చేసరికి పాప తల్లి చెంగు చాటున దాక్కుంది. ఎత్తుకోబోతే ఊరంతా వినపడేలా ఏడ్చింది. బిస్కట్లిచ్చాడు, ఏనుగై వంగాడు. మర్నాడు మధ్యాహ్నానికి గాని దగ్గరకి రాలేదు. అప్పటికి బస్సు వేళయింది.

బస్టాండులో అతను కిటికీ పక్కన కూర్చున్నాక పాప సంబరంగా చెయ్యి ఊపింది.

"మావయ్యా, టాటా!"

పాలు పోసే అబ్బులునీ, ఉత్తరాలు తెచ్చే పోస్టుమాన్‌నీ చూపించి 'మావయ్యొచ్చాడమ్మా' అనడం దయామణికి అలవాటు. ఇంటికొచ్చే మగవాళ్లంతా ఆ పిల్లకి మావయ్యలే.

సత్యానందం నవ్వబోయాడు. నవ్వు కుదరక మొహం అటు తిప్పుకున్నాడు.

దయామణి కిటికీ చువ్వ పట్టుకుంది. "ఏవండీ, వచ్చే శనివారం రండి. ప్రతి శనివారం రండి."

"ఎలా రాను దయా? జీతమంతా నీకే ఇచ్చేశాగా. జేబులో ఉన్నవి ఈ టిక్కెట్టుకే సరిపోయాయి."

డబ్బా ఇంట్లో ఉంది. దారిలో ఖర్చవుతాయని ఆమె ఒక్క పైసా కూడా వెంట తెచ్చుకోలేదు. కండక్టరు రైటన్నాడు. బస్సు కదిలితే చువ్వ వదలకుండా నాలుగడుగులు పక్కనే నడిచింది. చంకలో పాప ఇంకా మావయ్యకి టాటా చెబుతూనే ఉంది.