ఇరవై నాలుగు కన్నాల పెట్టె

ఆ పెట్టె మూత తీసినప్పటి కంపు ఇంకా నా ముక్కులోనే ఉంది. సాతంరాయిలో ఒక మేడ మీద, ఇనుప స్తంభానికి బిగించిన రేకు పెట్టె అది. మూత తీయగానే ముందు తుమ్ములు, ఆ వెంటనే కుళ్లు వాసన. లోపల స్విచ్ ఫ్యాన్‌లో ఒక బల్లి ఇరుక్కుని చచ్చి, సగం ఎండి సగం కుళ్లి అంటుకుపోయింది. దాని మీద ఎర్రగా మిరపపొడి. ఛీ!

స్విచ్ అంటే గోడమీద నొక్కేది కాదు. గాలిలోంచి ఇంటర్నెట్ ఇచ్చే చిన్న వ్యాపారం మాది, నాదీ మా బావమరిదిదీ. మేడ మీద స్తంభానికి ఉన్న రేడియోలు చుట్టుపక్కల ఇళ్లకు నెట్ అందిస్తాయి. వాటి తీగలన్నీ వచ్చి కలిసేది స్విచ్‌లో. అది పడిపోతే వాడకట్టంతా పడిపోతుంది.

కొనేటప్పుడే నెత్తీ నోరూ బాదుకున్నాను. ఎండకు తట్టుకునేది కావాలి, ఫ్యాన్ లేనిది కావాలి, నెట్ తీగలోనే రేడియోకి కరెంటు కూడా పంపేది కావాలి, తీగలు గుచ్చే కన్నాలు ఎనిమిది చాలు అని. వింటేగా! ఏసీ గదిలో పెట్టుకునే ఆఫీసు స్విచ్ మోసుకొచ్చాడు బావమరిది.

"ఎనిమిదేంటి బావా, దీనికి ఇరవై నాలుగు! రేపు కనెక్షన్లు పెరిగితే?" అన్నాడు, కొత్త బండి కొన్నవాడిలా దాన్ని నిమురుతూ.

కన్నాలు లెక్కపెట్టి స్విచ్ కొనే మనిషికి ఏం చెబుతాం? వాడినవి ఆరు. మిగతావాటిలో కందిరీగలు మట్టిగూళ్లు కట్టుకుని కాపురాలు పెట్టాయి. ఫ్యాన్ పనేమో గాలి లాగడం. బెంగళూరు రోడ్డు దుమ్ము, ఆ మేడ ఇంటి ఓనరమ్మ ఎండబోసిన మిరపకాయల పొడి, అన్నీ లోపలికి లాగేసుకుంది. మేడ మీద కాకపోతే మిరపకాయలు ఇంకెక్కడ ఎండబోస్తారు? ఈ పెద్దమనిషి మాత్రం తప్పంతా ఆవిడ మిరపకాయలదే అన్నాడు. సిగ్గుండాలి.

రోజూ మధ్యాహ్నం ఎండ ముదిరేసరికి పెట్టె కాగిపోయి నెట్ పోయేది. మొదటి ఫోన్ వెనకవీధి అమ్మాయిది. చంటిపిల్లను పక్కన పడుకోబెట్టుకుని, ఏదో కంపెనీ తరఫున ఇంటినుంచే ఫోన్లకు జవాబులిచ్చే ఉద్యోగం ఆమెది. భర్తకు కొత్తూరు ఫ్యాక్టరీలో పని పోయింది. ఇల్లు నడిచేది ఆమె జీతంతోనే.

"అన్నా, మాట్లాడుతుంటెనే కట్ అయింది. ఇంకొక్కసారి గిట్లయితె ఇగ పని లేదన్నడు మా సారు. జర జల్ది చూడుర్రి."

నేను బండి తాళాలు వెతుక్కునేలోగా బావమరిది ఫోన్ లాక్కునేవాడు. "మాది కాదమ్మా, పైనుంచే ప్రాబ్లమ్" అనేవాడు. ఎంత తియ్యగా అనేవాడో! వింటుంటే నా ఒళ్లు మండిపోయేది. మార్చేద్దాం అంటే, ఈ ఎండాకాలం గడవనీ బావా, అనేవాడు.

చివరికి బల్లి దొరికిన రోజున స్విచ్ పూర్తిగా పోయింది. ఆ చండాలాన్ని గోనెసంచిలో వేసి తెచ్చి బావమరిది ముందు పడేశాను. ముక్కు మూసుకుని, సరే తెచ్చుకో, అన్నాడు. సాయంత్రానికల్లా నేను మొదట అడిగిన స్విచ్చే బిగించాను. మర్నాడు మిట్టమధ్యాహ్నం కూడా నెట్ ఎక్కడా ఆగలేదు. వెలుగుతున్న లైట్లను ఫోటో తీసి, మా సర్వీసుకు తిరుగులేదని స్టేటస్ పెట్టుకున్నాడు మహానుభావుడు.

వారం తిరక్కుండా ఆ అమ్మాయి షాపుకొచ్చింది. చంటిపిల్ల తువ్వాలులో చుట్టిన రూటర్ తీసి బల్ల మీద పెట్టింది. శుభ్రంగా తుడిచి, తీగ చుట్టి మరీ తెచ్చింది.

"ఇది తీస్కోర్రి అన్నా. ఇగ నాకేం అవసరం లేదు."

"అదేంటమ్మా, పని?"

"ఆ రోజు మొత్తం పోయె గదన్నా. తెల్లారి లాగిన్ చేస్తే కానే లేదు. తీసేసిన్రు." రూటర్‌ను మా వైపు జరిపి అడిగింది. "ఇప్పుడు మంచిగొస్తున్నదంట గదా?"

నేను రూటర్ అందుకునేలోగా బావమరిది దాన్ని లాక్కున్నాడు.

"సూపర్‌గా వస్తోందమ్మా! ఒక్క క్షణం కూడా పోవట్లేదు" అన్నాడు, అడాప్టర్ ఉందో లేదో చూసుకుంటూ.

"మంచిదన్నా" అని, ఆమె తువ్వాలు మడిచి పట్టుకుని వెళ్లిపోయింది.