పంతలేయో నోరు తెరిచిన ఏడాది

ఇటలీ దక్షిణాన గల్లీపోలికి కాస్త ఎగువన, సముద్రపు గాలి తగిలే ఆ పల్లెలో పంతలేయోను ఇంటిపేరుతో అడిగితే ఎవరికీ తెలిసేది కాదు. కొమ్మలు కత్తిరించే పంతలేయో అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపించేవారు. చలికాలం సగం గడిచిందంటే ఆలివ్ తోటల ఆసాములు అతని గుమ్మం ముందు నిలబడి, "మా తోటకి ఎప్పుడొస్తావ్?" అని బతిమాలేవారు. పసితనంలో తండ్రి వెంట నిచ్చెన మోస్తూ నేర్చిన పని అది. "కత్తిరించాక చెట్టు నడిమధ్య నుంచి పిట్ట ఎగిరితే, దాని రెక్కకి ఆకు తగలకూడదురా" అనేవాడు తండ్రి. కొడుకు చేతిలో చెట్టు అలాగే తేలిపడేది.

సంసారమే అలా తేలిపడలేదు. మిరెల్లాది పక్క ఊరు. పెళ్ళికి ముందు ఇద్దరూ ఒకే తోటలో చెట్ల కింద వలలు పరిచి, రాలిన కాయలు ఏరినవాళ్ళే. పెళ్ళయ్యాక ఆమెకు లెచ్చె పట్నంలో కాపురం ఉండాలని ఆశ. అతనికి పట్నంలో ఊపిరాడదు. పగలంతా చెట్ల మీద, సాయంత్రం దొనాతో అనే స్నేహితుడు నడిపే కాఫీ కొట్టులో. ఇంట్లో ఉన్న కాసేపూ మాట పెగలదు. "గోడకి చెప్పుకున్నా మారుమోగుతుంది, నీకు చెబితే అదీ లేదు" అని మిరెల్లా ఒకరోజు నాలుగేళ్ళ అగాతను చంకన వేసుకుని వెళ్ళిపోయింది. లెచ్చెలో ఒక బడి వంటశాలలో పని దొరికింది ఆమెకు. కోర్టు విడాకులిచ్చి, అగాత పోషణకు తండ్రి నెలనెలా నాలుగు వందల యూరోలు పంపాలనీ, మందులకూ చదువుకూ అయ్యే పైఖర్చులో సగం పెట్టుకోవాలనీ తీర్పు రాసింది.

పంతలేయో ఆ డబ్బు ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు. మంచి మొగుణ్ణి కాలేకపోయానేమో గానీ, కూతురి కంచం దగ్గర నన్ను వేలెత్తి చూపేవాడు లేడని లోలోపల గర్వపడేవాడు.

తర్వాత తెగులు వచ్చింది. మొదట ఒక తోటలో ఆకుల కొసలు పొయ్యి సెగ తగిలినట్టు మాడాయి. ఎండదెబ్బ అన్నారు కొందరు. ఎవరో కావాలని మందు చల్లారని ఇంకొందరు కాఫీ కొట్టులో బల్లలు గుద్దారు. ఎవరేమన్నా చెట్లు మాత్రం ఆగలేదు. ముత్తాతల నాటి మానులు, ఇద్దరు చేతులు చాచినా కౌగిలికి అందనివి, నిలువునా బూడిదరంగుకు తిరిగాయి. ఆసాములు అతని గుమ్మానికి రావడం మానేశారు. ఇతనే వెళ్ళి అడిగితే, "చచ్చినవాడికి క్షవరం దేనికయ్యా?" అన్నాడొకడు. ఒక చలికాలం ఆ చెట్లనే మోటారు రంపంతో కోసి వంటచెరకు చేసే కూలికి వెళ్ళాడు. ఒక్కో మానూ కూలినప్పుడల్లా తండ్రి చూస్తున్నాడేమోనని తల దించుకునేవాడు. ఆ పనీ అయిపోయింది.

అయినా లెచ్చెకు డబ్బు వెళుతూనే ఉంది. ముందు వ్యాను అమ్మాడు. తర్వాత దొనాతో దగ్గర అప్పు చేశాడు. తోటలు ఎండాయని మిరెల్లాకు తెలియకేం, ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళెవరు! కానీ నెల నెలా నిండు డబ్బు వస్తుంటే, వేరే పనేదో చూసుకున్నాడులే అనుకుంది. అందుకే మూడో ఏట డబ్బు సగమై, ఆపైన అసలే ఆగిపోయినప్పుడు ఆమెకు ఒళ్ళు మండింది.

"ఈ నెలా రాలేదు" అంది ఫోనులో.

"వస్తుంది."

"ఎప్పుడు?"

"చూస్తున్నా."

"ఏం చూస్తున్నావ్, ఆకాశంలోకా? అగాత పళ్ళకి తీగ వేయించాలి. నువ్వేమో పొద్దస్తమానం దొనాతో కొట్టులోనే ఉంటున్నావట, మా అక్క చూసింది. డబ్బుల్లేనివాడికి కాఫీ ఎవడు పోస్తాడు?"

దొనాతోనే ఊరికే పోస్తున్నాడని చెప్పలేకపోయాడు పంతలేయో.

"చెట్లంటే చచ్చాయి. నీ నోరు కూడా చచ్చిందా?" అని పెట్టేసింది మిరెల్లా. నెల తిరక్కుండానే ఆమె వకీలు దగ్గర నుంచి నోటీసు వచ్చింది.

దొనాతో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఒరేయ్, కోర్టు ఈ లెక్క రాసింది నువ్వు సంపాదిస్తున్న రోజుల్లో. సంపాదన పోయిందని వెళ్ళి చెప్పుకో" అన్నాడు.

"జడ్జి ముందు నిలబడి, నా కూతుర్ని పోషించలేనని నా నోటితో చెప్పమంటావా?"

"చెప్పకపోతే, పోషించనన్నావని మిరెల్లా చెబుతుంది. పోషించలేనన్నవాడు నయమా, పోషించనన్నవాడు నయమా? నువ్వే ఆలోచించుకో."

పేదలకు ఉచితంగా వాదించే వకీలమ్మ ఒకావిడ ఉందంటే వెళ్ళాడు. ఆమె అంతా విని, "పని పోయి మూడేళ్ళయింది. ఇన్నాళ్ళూ ఏం చేశారు?" అంది.

"అప్పు చేసి కట్టానమ్మా."

"అప్పుడే రావలసింది. తగ్గించమని అడిగిన దగ్గర నుంచే కోర్టు తగ్గిస్తుంది. వెనకటి బాకీ అణాపైసలతో సహా మీదే."

"నన్ను అడిగి చచ్చాయా తల్లీ ఆ చెట్లు?"

"కోర్టుకి చెట్లు కనపడవండీ. మీరే చూపించాలి." ముందున్న కాగితాలు తిరగేసి, "పిల్ల తల్లి కూడా ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి అర్జీ పెట్టుకోవచ్చు. పోట్లాట ఉండదు. ఆమెతో మాట్లాడారా?" అని అడిగింది.

అదొక్కటే చేయలేదు అతను. ఇంటికి వచ్చాక ఫోను తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు.

"ఆదివారం అగాతని తీసుకుని ఒకసారి ఊరికి రా. మాట్లాడాలి."

"నువ్వా? మాట్లాడతావా?" అంది మిరెల్లా.

ఇన్నేళ్ళూ కూతుర్ని చూడటానికి అతనే లెచ్చె వెళ్ళేవాడు. మిరెల్లా ఆ తోటల దారి పట్టి చాలా కాలమైంది. దెబ్బలాడటానికే సిద్ధపడి వచ్చింది. అతను వాళ్ళను, ఒకప్పుడు తామిద్దరూ వలలు పరిచిన తోటకు నడిపించాడు. అక్కడ నీడ లేదు. ఆకు లేని చెట్లు, వాటి మొదళ్ళలో మోకాలెత్తు పిచ్చిగడ్డి. మిరెల్లా ఒక మాను మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది.

"ఇవన్నీ నువ్వు కత్తిరించినవేనా నాన్నా?" అంది అగాత. పదకొండేళ్ళు నిండిన పిల్ల, పై పెదవి కిందికి లాక్కుని ఎగుడుదిగుడు పళ్ళు దాచుకుంటూ మాట్లాడుతుంది.

"ఊఁ."

"మరి నీకు పని పోయిందని మాకెందుకు చెప్పలేదు?"

అప్పుడు చెప్పాడు పంతలేయో. వ్యాను సంగతి, దొనాతో అప్పు, ఊరికే తాగే కాఫీ, అన్నీ. తడబడుతూ, వెనకది ముందు, ముందుది వెనక చేసి చెప్పాడు.

అంతా విన్నాక మిరెల్లా, "నాకు జాలిగానే ఉంది. కానీ జాలి తీసుకెళ్ళి పళ్ళ డాక్టరు బల్ల మీద పెట్టలేను కదా" అంది. "అర్జీ మీద సంతకం పెడతాను. ఆ తగ్గేదానికి నేను సాయంత్రాలు ఇంకో పని చూసుకోవాలి. ఆ పూటలు పిల్ల దగ్గర నువ్వుండాలి. బస్సెక్కి వస్తావో, నడిచే వస్తావో నాకు తెలీదు."

"వస్తాను."

"వంట కూడా చెయ్యాలి. టమాటాలు రుద్దిన ఎండు రొట్టె ముందు పడేసి భోజనం అంటే ఊరుకోను."

కోర్టులో జడ్జి నెరిసిన జుట్టావిడ. కాగితాలు చూసి, "మీ ఆదాయం తగ్గింది, సరే. పాప ఆకలి తగ్గలేదు, పాదాలు పెరగడం ఆగలేదు. ఇంకేమైనా పని వెతికారా?" అని అడిగింది. సముద్రం ఒడ్డున ఒక హోటల్లో గన్నేరు కంచెలు కత్తిరించే పని, వేసవి వరకే, దొరికిందని చెప్పాడు పంతలేయో. చెబుతుంటే చెవులు ఎర్రబడ్డాయి. తను భయపడ్డ మాట, 'పోషించలేను' అన్నది, ఎవరూ అతని చేత అనిపించలేదు. ఎంత ఇవ్వగలరని మాత్రమే అడిగారు. నెలకు రెండు వందల యాభైకి కుదించి, పాత బాకీ కొంచెం కొంచెంగా తీర్చమన్నారు.

బరువు తగ్గిందనుకున్నాడు గానీ, బయటికొచ్చి మెట్లు దిగుతున్న మిరెల్లాను చూస్తే, దించుకున్న బరువు ఎవరి నెత్తికెక్కిందో తెలిసింది. ఆమె ఒక ఆసుపత్రిలో సాయంత్రాలు గదులు కడిగే పనికి కుదిరింది. అగాత పళ్ళ తీగ ఏడాది వెనక్కు పోయింది. ఆ ఏడాదంతా పిల్ల తండ్రితో అంటీముట్టనట్టే ఉంది. అతను బస్సు దిగి వచ్చి, శనగలు ఉడకబెట్టి వడ్డిస్తే, ఉప్పు చాల్లేదనో ఎక్కువైందనో అనేది. అన్నా తినేది. పంతలేయో ఎదురుగా కూర్చుని హోటల్లో చూసిన వింతలు చెప్పేవాడు. ఆమె విన్నా వినకపోయినా చెప్పడం మానలేదు.

రెండో వేసవికి హోటలు వాళ్ళు అతన్ని ఏడాది పొడవునా పనికి పెట్టుకున్నారు. ఆ సాయంత్రమే మిరెల్లాకు ఫోను చేశాడు.

"జీతం పెరిగింది. వచ్చే నెల నుంచి ఇంకో అరవై కలుపుతాను. వకీలమ్మకి కూడా చెప్పాను."

"ఎవరు అడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదు."

"తాగావా?"

"లేదు, కాఫీయే. ఈసారి డబ్బులిచ్చి తాగాను."

మిరెల్లా నవ్వాపుకుంటూ, "సరే, అగాతకి నువ్వే చెప్పు. ఇక్కడే ఉంది" అని ఫోను పిల్ల చేతికిచ్చింది.