కన్ను తెరిచిన శవం

రొట్టెల తోఫీక్ అంటే చమ్‌చమాల్ బజార్లో ఎవరికీ తెలియదు. శవం తోఫీక్ అంటే పసిపిల్లలు కూడా కొట్టు చూపిస్తారు. ఇరవై రెండేళ్ల క్రితం దర్శకుడు సీర్వాన్ ఈ ఊళ్లో సినిమా తీస్తూ అతన్ని శవంగా పడుకోబెట్టాడు. కదలకుండా పడి ఉండటమే వేషం. అదీ చేతకాలేదు మహానుభావుడికి. సినిమాలో తల్లి తన మీద పడి ఏడుస్తుంటే, తెర నిండా కనబడేలా కన్ను తెరిచి మూశాడు. సీర్వాన్ ఆ ముక్క కోయలేదు, ఊరు మరిచిపోలేదు.

"శవం మామా, నాలుగు రొట్టెలు! కాస్త ప్రాణం పెట్టి కాల్చు!" అంటారు రోజూ. తోఫీక్ నవ్వి ఊరుకుంటాడు. ముప్పై అయిదేళ్లుగా పొయ్యి ముందు నిలబడి మోకాళ్లు అరగ్గొట్టుకున్న మనిషికి కోపం తెచ్చుకోవడం కూడా ఒక చాకిరీయే.

ఆ శుక్రవారం మధ్యాహ్నం యువజన భవనంలో సీర్వాన్ సినిమాల పండుగ పెట్టారు.

"తల్లి వేషం వేసిన ఆఫ్తావ్ కూడా వస్తోందయ్యా. నువ్వు రాకపోతే ఎలా?" అన్నాడు కుర్చీలు వేయిస్తున్న బడి మాస్టారు.

ఆ మాటతో తోఫీక్‌కు ఉన్న కాస్త ఓపికా పోయింది. ఆవిడ నటి కాదు. సర్కారు అన్ఫాల్ పేరుతో సాగించిన ఊచకోతలో సైనికులు ఆవిడ కొడుకుని లారీ ఎక్కించుకుపోయారు. పూడ్చుకోవడానికి ఎముక కూడా దక్కలేదు. అలాంటి తల్లి ఏడుపుని నవ్వులపాలు చేశానన్న సిగ్గుతో అతను ఆవిడ ఉండే షోరిష్ పేట వైపే కాలు పెట్టలేదు. ఇప్పుడు ఆవిడ ముందే ఊరంతా నవ్వుతుంది.

అయినా వెళ్లాడు. తప్పించుకోవడానికీ ఓపిక లేదు మరి. ఆవిడ పక్కనే కుర్చీ వేశారు.

ఆ దృశ్యం రానే వచ్చింది. శవం కన్ను తెరిచింది. హాలు గొల్లుమంది. "లేచాడ్రోయ్!" అని ఎవరో ఈల వేశారు.

"అమ్మా, నన్ను క్షమించు," అన్నాడు తోఫీక్ తల వంచుకుని. "నీ కన్నీళ్లు రెప్ప మీద పడ్డాయి. ఆపుకోలేకపోయాను."

"నాకు తెలుసురా. సీర్వాన్ ఆ ముక్క తీసేస్తానన్నాడు. నేనే వద్దని బతిమాలుకున్నాను." ఆవిడ ముసుగు అంచుతో ముక్కు తుడుచుకుంది. "ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంటే కన్ను తెరిచిన బిడ్డ నాకు ఇంకెక్కడ దొరుకుతాడు? ఊరు నిన్ను ఏడిపిస్తోందని విన్నాను. నీకు మొహం చూపించలేకపోయాను, నాయనా."

ఇరవై రెండేళ్ల వెక్కిరింతలకు మూలం ఈవిడేనని తోఫీక్‌కు అర్థమైంది. కోపం రావాల్సింది. రాలేదు. మోకాళ్లు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఒరేయ్, ఆ శవం ముక్క మళ్లీ వెయ్యండ్రా!" అని కేక పెట్టాడు.

హాలు మళ్లీ విరగబడి నవ్వింది. తెర మీద కన్ను తెరుచుకుని మూసుకునేదాకా ఆఫ్తావ్ రెప్ప వేయలేదు.