రాగిబిందె నీళ్లు

సూర్యకుమారి అమలాపురంలో ఓ కాలేజీలో జువాలజీ చెప్పేది. పరిశోధనకి సెలవు అడిగినప్పుడల్లా "వచ్చే ఏడు చూద్దామండీ" అనే మాటే ఎదురయ్యేది. 1979లో రాజోలు నుంచి సువర్ణ అనే చిన్నది ఉద్యోగంలో చేరింది. ఏడాది తిరక్కుండానే ఆమెకి పరిశోధనకి అనుమతి వచ్చేసింది. ఆ పూట సూర్యకుమారికి అన్నం సయించలేదు.

పాదరసం, సీసం లాంటి లోహాలు నీళ్లలో కలిస్తే పంటకాలువ నత్తలకి ఏమవుతుందన్నది సువర్ణ విషయం. ల్యాబులో కిటికీ వారగా గాజు తొట్లు పెట్టింది. పోల్చి చూడ్డానికి ఒక తొట్టెలో మాత్రం ఏమీ కలపని బావినీళ్లు పోసింది. అందులో నత్తలు బతికుండాలి.

అవే చచ్చిపోతున్నాయి. మొదట పాకడం మానేసేవి, తరవాత మూత బిగించుకుని అడుక్కి చేరేవి. ఆనక కంపు.

"మంచినీళ్లలో కూడా చస్తున్నాయండి, మేడమ్‌గారూ! నేనేం తప్పు చేసేనో తెలీట్లేదండి," అని కళ్లు తుడుచుకుంది సువర్ణ.

సూర్యకుమారి తొట్టె చూసింది. తరవాత మూలనున్న బిందె చూసింది. కుండ పగిలిందని అటెండరు మత్తయి తెచ్చిపెట్టిన రాగిబిందె అది. సువర్ణ నీళ్లు అందులోనే నిలవుంచేది. లోపలి అంచున పచ్చగా చిలుం. రాగి మనిషికి మంచిదేమో గాని నత్తకి విషం, పిసరంత చాలు. మాట నోటిదాకా వచ్చింది. అంతలో ప్రిన్సిపాలుగారు ముచ్చటగా "మన సువర్ణ" అనడం గుర్తొచ్చింది.

"కాలవ నత్తలు కదమ్మా, రోగంతో వచ్చుంటాయి. వేరేచోటివి తెప్పించుకో," అంది.

కొత్తపేట వైపు నుంచి, జొన్నాడ నుంచి వేసవంతా నత్తలు వస్తూనే ఉన్నాయి, చస్తూనే ఉన్నాయి. గైడు చీవాట్లు పెట్టారు. సువర్ణ చిక్కిపోతుంటే సూర్యకుమారికి లోలోపల హాయిగానే ఉండేది. ఇంటికెళ్లేసరికి మాత్రం ఆ హాయి మిగిలేది కాదు.

వానలు పడ్డాక సువర్ణ పరిగెత్తుకొచ్చింది.

"దొరికిందండి దొంగ! మా అమ్మ చింతపండేసి రాగిచెంబు తోముతుంటే తట్టిందండి. ప్లాస్టిక్ బకెట్లో నీళ్లు పెట్టి చూసేనండి, ఒక్క నత్తా చావలేదు. గైడుగారు పాదరసం వదిలేసి రాగి మీదే చెయ్యమన్నారండి!"

"ఆయ్," అంది సూర్యకుమారి. ఆ రోజే చెప్పేసి ఉంటే ఈ పిల్ల బిందె మార్చుకుని ఊరుకునేది.

"వ్యాసంలో మీ పేరు కూడా వేస్తానండి. వేరేచోటివి తెప్పించుకోమన్నది మీరే కదండీ! ఎక్కడి నత్తయినా చస్తోందంటే లోపం నీళ్లలోనే ఉందని అలాగే తేలిందండి."

"నా పేరెందుకమ్మా? వద్దు."

"ఎంత పెద్ద మనసండీ మీది!" అన్నారు తోటి లెక్చరర్లు. ఆ మెచ్చుకోలు వినలేక ఆమె హాజరుపట్టీ తీసుకుని క్లాసుకి నడిచింది.

డాక్టరేటు వచ్చాక సువర్ణకి విశాఖపట్నంలో ఉద్యోగమైంది. వెళ్లేరోజు బస్టాండులో సూర్యకుమారి చేతులు పట్టుకుని, "మిమ్మల్ని మర్చిపోలేనండి," అని ఏడ్చింది.

సూర్యకుమారి మెల్లిగా చేతులు విడిపించుకుంది.

"ఎక్కమ్మా, సీటు పోతుంది," అంది.